ఆగమ్మ తాళాల గుత్తి

భజన అయింది, హారతి అయింది, గుగ్గిళ్లు చేతుల్ల ఉన్నయి. ఇంక జర దగ్గరికి జరగండి. పిల్లలు ముందల కూసోండి. ఆ చివర్ల నిలబడ్డ అమ్మలు గూడ రండి. నేను చెప్పే ముచ్చట గట్టిగ చెప్పేది కాదు. విన్నది విన్నట్టు చెప్త... నమ్ముడు, నమ్మకపోవుడు ఆ తల్లి దయ.

జల్‌పల్లిలో కొత్త కాలనీలు మొదలయ్యే దగ్గర ఒక సర్కారు హైస్కూల్ ఉంది. రెండంతస్తుల బిల్డింగు, గేటు పక్కన మిర్చీల బండి. పగలంతా అక్కడ పిల్లల లొల్లే. కానీ బిల్డింగు వెనక్కి వెళ్తే... ప్రహరీగోడను ఆనుకుని ఆడపిల్లల బాత్రూంలు నాలుగు. వాటి ముందు మూడు నీలిరంగు డ్రమ్ములు.

ఆ జాగాకు మంచి పేరు లేదు.

ఒకప్పుడు అక్కడ ఆగమ్మ ఉండేది. బడి ఆయమ్మ. పదహారేళ్లు ఆ బాత్రూంలు కడిగింది, ఆ డ్రమ్ములు నింపింది. నడుముకు తాళాల గుత్తి. ఆమె నడిస్తే గల్... గల్... కళ్లు మూసుకుని కూడా ఎక్కడుందో చెప్పొచ్చు. బకెట్ మోసేటప్పుడు నీళ్లు తొణకకుండా పైన ఒక వేపరెమ్మ వేసుకునేది. నీళ్లు డ్రమ్ములో పోసినా ఆ రెమ్మ తీసేది కాదు. "ఉండనీయి బిడ్డా, అమ్మవారి ఆకు" అనేది.

రెండేళ్ల కింద, ఎండాకాలం సెలవుల్లో, జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. ఆమె జాగాలో మరొకరు రాలేదు. నీళ్ల సంపు మోటరు కాలిపోతే దాన్నీ ఎవరూ బాగు చేయలేదు.

అయినా — బడి మళ్లీ తెరిచిన నాటి నుంచి రోజూ పొద్దున డ్రమ్ములు మూడూ నిండి ఉంటున్నాయి. నేల కడిగి ఉంటోంది.

ఎవరు నింపుతున్నారు? ఎవరూ చూడలేదు. ఆలస్యంగా ఇళ్లకు పోయేవాళ్లు మాత్రం విన్నారు. చీకట్లో, బిల్డింగు వెనకాల... గల్... గల్...

ఇక పిల్లల నోళ్లు ఊరుకుంటాయా? అభిషేక్ అని పదో తరగతి పిల్లవాడు, వెనక బెంచీ పెద్దమనిషి, దానికి ఇంకొంచెం మసాలా చల్లాడు. "ఆగమ్మ నీళ్లు ముట్టుకుంటే పబ్లిక్‌ల ఫెయిలే. పోయిన సారి ఒక అక్క లెక్కల్ల రెండు మార్కులతోని పోలే?" ఆ అక్క ఏడాదంతా పుస్తకం తెరవలేదన్న సంగతి ఎవరూ అడగలేదు.

చిన్న తరగతుల వాళ్లకు పబ్లిక్ పరీక్ష లేదు. వాళ్లు గుంపుగా ఉరికి, గుంపుగా తిరిగొచ్చేవాళ్లు. పదో తరగతి ఆడపిల్లలు మాత్రం వేరే ఉపాయం కనిపెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టడం మానేశారు.

అందులో నందిని ఒకతె. వాళ్ల నాయనకు లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం. చిన్న ప్లాటు కొనుక్కుని ఈ మధ్యనే జల్‌పల్లి వచ్చారు. నందినికి పాలిటెక్నిక్ చదవాలని ఆశ. ఆ ఆశకు అడ్డం లెక్కలు. లెక్కలకు దారి సాయంత్రం స్పెషల్ క్లాసు.

జనవరిలో ఆ పిల్లకు కడుపులో మంట, చలి జ్వరం. డాక్టరు ఒకటే అడిగింది, నీళ్లు తాగుతున్నావా అని. నందిని నేల చూసింది. వాళ్లమ్మ పుష్పమ్మకు అర్థమైంది. మర్నాడు రెండు లీటర్ల సీసా చేతిలో పెట్టింది.

"సాయంత్రం ఖాళీ సీసా తేవాలె. లేకుంటే రేపటి సంది స్పెషల్ క్లాస్ బంద్. లెక్కలు రాకున్నా ఫికర్ లేదు, నువ్వు మంచిగుండాలె."

"తాగుత అమ్మా."

"మహంకాళమ్మ మీద ఒట్టు పెట్టు."

పెట్టింది. పెట్టాక ఏం చేస్తుంది? ఆ నీళ్లు చెట్టుకు పారబోద్దామంటే పైనున్న అమ్మవారు చూస్తుంది. తాగింది. చివరి చుక్క దాకా తాగింది.

సాయంత్రం ఆరు దాటింది. పక్క బస్తీ మసీదులో మగ్రిబ్ అజా అయిపోయింది. క్లాసులో లెక్కల సారు బోర్డు మీద త్రిభుజం గీస్తున్నాడు. టప్పున కరెంటు పోయింది.

"కదలకుండ్రి, వస్తది" అన్నాడు సారు చీకట్లోంచి.

కదలకుండా ఉండే స్థితిలో నందిని లేదు. పక్కనున్న స్వీటీ మోచెయ్యి పట్టుకుంది. స్వీటీ వాళ్ల నాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్.

"స్వీటీ... పోవాలె."

"ఎటు?"

"ఎనకకు."

"ఇంటి దాక ఆగవా?"

"గేటు దాక గూడ ఆగేటట్టు లేనే."

"లెక్కల్ల పోతవ్ మరి."

"పోతే పోనీ."

ఇద్దరూ చేతులు పట్టుకుని మెట్లు దిగారు. ఒకామె పెదాల మీద యేసయ్య, ఇంకొకామె పెదాల మీద మహంకాళమ్మ. బిల్డింగు మూల దగ్గర స్వీటీ ఆగిపోయింది.

"నేను ఈడ్నే ఉంట. పిలిస్తే వస్త." ఒక క్షణం ఆగి, "...పిలువకు" అంది.

నందిని ఒక్కతే మూల తిరిగింది.

చీకటి. పైన ఎయిర్‌పోర్టుకు దిగుతున్న విమానం ఎర్ర దీపం మిణుకుమంటూ పోయింది. ఆ చప్పుడు సద్దుమణిగాక... వినపడింది.

గల్... గల్...

నందిని అడుగు ఆగిపోయింది. కాళ్ల ముందు సిమెంటు మీద తడి పాదాల గుర్తులు. సంపు దగ్గర మొదలై, బాత్రూంల వైపు వెళ్తున్నాయి. తిరిగి వచ్చిన గుర్తు ఒక్కటీ లేదు.

బుడ... బుడ... నీళ్లు పోస్తున్న చప్పుడు. చీపురు బరబరా గీసిన చప్పుడు.

అప్పుడు తలుపు దగ్గర తెల్లగా ఏదో లేచి నిలబడింది. మెడ నుంచి మోకాళ్ల దాకా తెలుపు. ముఖం ఉండాల్సిన చోట కూడా... తెలుపే.

పరిగెత్తాలి. కానీ పరిగెత్తితే పరువు పోతుంది — మీకు అర్థమైంది కదా. నందిని రెండు చేతులూ జోడించింది. గుసగుసగా అంది:

"ఆగవ్వా... లెక్కల్ల ఫెయిల్ చేసినా మంచిదే. జర... తలుపు ఇడువు."

తెల్లటి ఆకారం కదలడం ఆపింది. మెల్లగా ఇటు తిరిగింది. గల్... గల్... ఒక్కో అడుగే దగ్గరికి వచ్చింది. నందిని కళ్లు గట్టిగా మూసుకుంది.

"నందినీ. చెప్పులు ఇడిచి లోపలికి పో. ఇప్పుడే కడిగిన."

ఆ గొంతు బడిలో తెలియని వాళ్లు లేరు. హెడ్‌మిస్ట్రెస్ వాసవాంబ మేడమ్.

నందినికి అసలు భయం అప్పుడు పట్టుకుంది. దెయ్యమైతే లెక్కల్లో ఫెయిల్ చేసి వదిలేస్తుంది. మేడమ్ అయితే అమ్మను పిలిపిస్తుంది. అయినా ఆలోచించే తీరిక లేదు. చెప్పులు విడిచి లోపలికి ఉరికింది.

బయటికి వచ్చేసరికి మేడమ్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. చీర పాడవకుండా సైన్సు ల్యాబు తెల్లకోటు, బ్లీచింగు ఘాటుకు ముఖానికి కట్టుకున్న తెల్ల తువ్వాల. నడుముకు ఆగమ్మ తాళాల గుత్తి.

"మీరా మేడమ్... రోజూ?"

"మరి ఆ నీళ్లు ఆకాశం నుంచి పడ్తున్నయా?"

"చీకట్ల ఎందుకు మేడమ్?"

"పగలు చేస్తే పదిమంది ఫోటోలు తీస్తరు. మనిషిని ఇయ్యుండ్రని నాలుగు సార్లు రాసిన. వచ్చేదాక మీరు ఎటు పోవాలె?"

నందిని తల దించుకుంది. "మేమంత దెయ్యమనుకున్నం."

"తెల్సు. ఆ భయానికి పోరగాళ్లు ఇటు వచ్చి తలుపులు ఇరగ్గొట్టుడు బంద్ అయింది. మంచిదే అనుకున్న."

"పదోతరగతి ఆడపిల్లలం ఎవ్వరం ఇటు వస్తలేం మేడమ్. నీళ్లు తాగుడే బంద్ చేసినం. నాకు జరం గూడ వచ్చింది."

మేడమ్ తువ్వాల విప్పింది. "డ్రమ్ములు ఖాళీ అయితున్నయి గద?"

"చిన్నోళ్లు వాడ్తరు మేడమ్. వాళ్లకు పబ్లిక్ లేదు."

ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత భుజాలు కదిలాయి... మేడమ్ నవ్వుతోంది. ఆ నవ్వు బడిలో ఎవరూ విని ఉండలేదు. మూల దగ్గరున్న స్వీటీ అసలే విని ఉండలేదు. దెయ్యం నందినిని తినేసి నవ్వుతోందనుకుని గేటు దాకా ఒకటే ఉరుకు.

మర్నాడు ప్రార్థనలో మేడమ్ సంగతంతా చెప్పింది. పదో తరగతి వాళ్లకు వంతులు వేసింది. సంపులోంచి తోడేది మగపిల్లలు, మోసేది ఆడపిల్లలు. మొదటి వంతు ఎవరిదో చెప్పాలా? అభిషేక్ నలభై బకెట్లు తోడాడు. నందిని ఎదురుగా నిలబడి లెక్కపెట్టింది.

ఇక్కడితో అయిపోతే నేను మిమ్మల్ని ఇంత దగ్గరికి జరగమనేదాన్ని కాదు.

మార్చి వచ్చింది. ఒక రోజు మేడమ్ మీటింగుకని పట్నం నడిబొడ్డుకు పోతూ, తాళాల గుత్తి నందిని చేతిలో పెట్టింది. సంపు మూత తాళంచెవి అందులోనే ఉంది. ఆ సాయంత్రం వంతు నందినిది, స్వీటీది, అభిషేక్‌ది. కానీ ఆ రోజే హాల్‌టికెట్లు ఇచ్చారు. ఆ సంబరంలో ముగ్గురికి ముగ్గురూ మరిచి ఇళ్లకు పోయారు.

తెల్లవారుజామున నందినికి గుర్తొచ్చింది. చిన్నపిల్లలు వస్తారు, చుక్క నీళ్లుండవు. నాయన పాలకు పోతుంటే ఆ బండి మీదే బడికి వచ్చింది. వాచ్‌మన్ వైకుంఠం కళ్లు నులుముకుంటూ గేటు తీశాడు.

"రాత్రి ఎవరన్న వచ్చిన్రా తాతా?"

"ఎవరొస్తరు బిడ్డా? గేటు తాళం నా తల కిందనే ఉండె."

వెనక్కి వెళ్లింది. సంపు మూతకు తాళం వేసినట్టే ఉంది. గుత్తి తన సంచిలోనే ఉంది.

డ్రమ్ములు... మూడూ నిండుగా ఉన్నాయి.

నేల తడిగా ఉంది. మూడో డ్రమ్ములో, నీళ్ల మీద, మెల్లగా తిరుగుతూ — ఒక లేత వేపరెమ్మ.

నందిని ఉరకలేదు. చెప్పులు విడిచింది. చేతులు జోడించింది.

"ఆగవ్వా," అంది చిన్నగా, "అమ్మవారికి బోనం ఎత్తిన నాడు నీ పేరు గూడ చెప్త."

చెప్పిందట. లెక్కల్లో డెబ్బై ఒకటి వచ్చాక, ఆషాఢంలో, బోనం నెత్తిన పెట్టుకుని లాల్‌దర్వాజా గుడి ముందు నిలబడి చెప్పిందట.

ఇదీ నేను విన్నది. అన్నీ మరిచిపోయినా ఫికర్ లేదు, ఒక్కటి యాదుంచుకోండి. ఆగమ్మ చేసిందీ, మేడమ్ చేసిందీ ఒక్కటే పని. మన తర్వాత వచ్చేటోళ్లకు నీళ్లు ఉంచుడు. గుగ్గిళ్లు తిన్న చేతులు కడుక్కునేందుకు బయట బకెట్ నిండ నీళ్లున్నయి. ఎవరు నింపిన్రో నాకు తెల్వదు. కడుక్కున్నంక... మళ్ల నింపి పెట్టండి.