వెనక సీటు బరువు

లారీ బ్రేకు మరకల పక్కన ఒక ఎర్ర చెప్పు పడి ఉంది. రెండోది యుసిమీ కాలికే ఉండిపోయి, ఆమెతో పాటే ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం. మతాన్సాస్ పట్నం దాటాక వచ్చే మెరక మలుపు. షికారుకి బయల్దేరిన పాత మోటార్ సైకిళ్ళు వరసగా ఎక్కుతున్నాయి. చివరిది ఎలీసియోది. తుక్కులోంచి ఏరుకొచ్చి, ఏళ్ళ తరబడి బాగుచేసుకున్న పాతకాలపు ఇంగ్లీషు బండి. వెనక సీట్లో అతని కొత్త భార్య యుసిమీ.

ఇంజన్ దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

యుసిమీ రోడ్డు మీద పడింది. వెనకొస్తున్న లారీ పక్కకి తిప్పినా తగలనే తగిలింది.

ప్రాణం దక్కింది. తుంటి విరిగింది. మళ్ళీ నడుస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోయారు.

రోడ్డు ప్రమాదాలు దర్యాప్తు చేసే కెప్టెన్ ఒడాలిస్ మర్నాడు ఎలీసియో షెడ్డుకి వచ్చింది. బండి మడ్గార్డు సొట్టపోయింది, అంతే.

"లోపం ఎక్కడుంది?"

"అది తెలిస్తే నా పెళ్ళాం మంచం మీద ఎందుకుంటుంది మేడమ్? ప్లగ్గులు మార్చాను. కార్బురేటర్ కడిగాను. పెట్రోలు వడగట్టి పోశాను. నేనొక్కణ్ణీ నడిపితే చక్కగా పోతుంది."

"ఎప్పట్నుంచి ఈ దగ్గు?"

"పెళ్ళయినప్పట్నుంచీ."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"అనుమానం కాదు, నిజం. ఫెర్మిన్! వాడు ఈ బండినీ అడిగాడు, యుసిమీనీ అడిగాడు. రెండూ నాకే దక్కాయి. వాడి కడుపుమంట ఊరంతా ఎరుగుదురు."

ఫెర్మిన్ కరెంటు పని చేస్తాడు. ఒడాలిస్ వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని పాత ఫ్యాను విప్పుతున్నాడు.

"బండికి వైర్లు వేసింది నువ్వేగా?"

"నేనే. దొంగల భయానికి వెనక సీటు కింద ఒక దొంగ స్విచ్ కూడా పెట్టాను. ఆ వైరు ఇనుముకి తగిలితే స్పార్క్ పోతుంది. బండి కదలదు."

"కుళ్ళుకున్నావా?"

"అబద్ధమెందుకు? ఆవిడ వాడి నడుం పట్టుకుని మా గుమ్మం ముందు నుంచి పోతుంటే నాకు ముద్ద దిగేది కాదు." స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "కానీ కెప్టెన్ గారూ, ఆవిడ కూర్చునే బండిని నేను పాడుచేస్తానా?"

అక్కణ్ణుంచి ఆసుపత్రి.

"ఆ బండికి నేనంటే పడదు," అంది యుసిమీ. "నేనెక్కితే దగ్గేది. దిగితే సర్దుకునేది. మా వదిన సొరాయ్దా నవ్వేది. 'దానికి మనుషుల్ని గుర్తుపట్టడం వచ్చు' అనేది."

ఒడాలిస్ లేచి షెడ్డుకి బయల్దేరింది.

సాయంత్రం షెడ్డులో ముగ్గురినీ నిలబెట్టింది. ఎలీసియో, ఫెర్మిన్, ఎలీసియో అక్క సొరాయ్దా. బండి స్టాండు మీద ఉంది. ఇంజన్ నిలకడగా నడుస్తోంది.

"ఫెర్మిన్, వెనక కూర్చో."

అతను ధబ్బున కూర్చున్నాడు. ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

"చూశారా! వీడే!" ఎలీసియో అరిచాడు.

"మళ్ళీ స్టార్ట్ చెయ్యి. సొరాయ్దా, ఇప్పుడు మీరు."

"నేనెందుకమ్మా?"

"ఒక్క నిమిషమే."

ఆమె ఎక్కింది. ఇంజన్ ఆగలేదు.

"అక్క బరువు తక్కువ మేడమ్," అన్నాడు ఎలీసియో.

ఒడాలిస్ ఇంజన్ వైపు చూడలేదు. సొరాయ్దా కాళ్ళ వైపు చూసింది. బరువంతా పాదాల మీదే ఉంది. మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆమెకీ సీటుకీ మధ్య అరచెయ్యి దూరేంత సందుంది.

"కూర్చోండి."

సొరాయ్దా కూర్చోలేదు. మెల్లగా దిగిపోయింది.

ఒడాలిస్ సీటు విప్పి తిరగేసింది. స్ప్రింగు కింద స్విచ్ వైరు. సరిగ్గా అక్కడే రాగి మెరుస్తోంది.

"ఒరుసుకుని అరిగితే తొడుగు పీచులు పీచులుగా లేస్తుంది. ఇది కత్తెరతో తిన్నగా చుట్టూ కోసింది. ఎవరైనా వెనక కూర్చుంటే స్ప్రింగు దిగి వైరుకి తగులుతుంది. గతుకు గతుక్కీ స్పార్క్ పోతుంది. అందుకే ఒక్కడివే నడిపితే నీకు లోపం కనపడలేదు. ఫెర్మిన్‌కి తెలియదు, ధబ్బున కూర్చున్నాడు. తెలిసిన మనిషి కూర్చోలేకపోయింది."

"అక్కా?" అన్నాడు ఎలీసియో.

"ఆ సీటు కుట్టింది ఎవర్రా?" సొరాయ్దా ఒక్కసారిగా విరుచుకుపడింది. "నీతో కూర్చుని తుప్పు గీకీ గీకీ గోళ్ళు పోగొట్టుకున్నదెవరు? ప్రతి ఆదివారం నేనే ఎక్కేదాన్ని. పెళ్ళి మర్నాడు 'అక్కా, కాస్త దిగు' అన్నావు. దిగాను. మళ్ళీ ఒక్కసారైనా ఎక్కమన్నావా?"

"అందుకని చంపేస్తావా?"

"విసుగొచ్చి దిగిపోతుందనుకున్నాను. నాలుగు రోజులు దగ్గితే తనే వద్దంటుందనుకున్నాను. లారీ సంగతి నేనేమనుకుంటానురా..."

ఫెర్మిన్ తల దించుకున్నాడు. ఆ మంట ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒడాలిస్ ఆమెని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టింది. జీపు కదిలింది. సొరాయ్దా వెనక్కి తిరగలేదు. చీకటి పడుతున్న వీధి వైపే చూస్తూ అడిగింది.

"వాడు ఇటు చూస్తున్నాడా?"

ఒడాలిస్ అద్దంలోకి చూసింది. షెడ్డు గుమ్మంలో ఎలీసియో బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తొడుగు తెగిన వైరుని వేళ్ళతో తడుముతున్నాడు.

"చూస్తున్నాడు," అంది ఒడాలిస్.

దేన్ని చూస్తున్నాడో చెప్పలేదు.