వాగు మీద తుమ్మకంప

చిట్యాల కాడ హైవే దిగి లోపలికి పోయే తొవ్వలో ఒక వాగుంది. తుమ్మలవాగు. దాని మీద లోలెవెల్ వంతెన, పేరుకే వంతెన. పగలైతే మేకలు పోతాయి, మనుషులు పోతారు. వానాకాలం పొద్దుగూకిందా... ఇక ఆ జాగాలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పిలిచేది ఒకరిని, పలికేది మరొకరట.

నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. అట్లా నవ్వినవాళ్లలో ఒక్కరైనా చీకటి పడ్డాక ఆ వంతెన మీద బండి ఆపిన పాపాన పోలేదు.

ఈ సంగతి గజాలా అనే పిల్లది. నార్కట్‌పల్లి పిల్ల. యూనివర్సిటీలో విపత్తుల నిర్వహణ చదువుతోంది. తుఫాన్లు, భూకంపాలు, వరదలు ఎట్లా వస్తాయి, వచ్చినప్పుడు మనుషుల్ని ఎట్లా కాపాడాలి — అదీ చదువు. చుట్టాలు నోరెళ్లబెట్టారు.

"గదేం సదువే? సముద్రమొడ్డుకు ఉండెటోళ్లు సదువుకోవాలె గానీ, తాగుదామంటే మంచినీళ్లు దొరకని నల్లగొండోళ్లకు వరద పాఠమెందుకే?"

ఎందుకో తల్లి లాడ్లీ బేగంకు తెలుసు. గజాలా తండ్రి వహీద్‌ను మింగింది ఆ తుమ్మలవాగే.

వహీద్ ఆటో నడిపేవాడు. తొవ్వలో ముల్లు కనపడితే చాలు, ఆటో ఆపి, దిగి, ఏరి పక్కన పారేసేవాడు. వెనకొచ్చే వాడి టైరు పంక్చరైతే పాపమని. చిన్నప్పుడు గజాలా కూడా ఏరబోతే, "జరుగు బేటీ, ముల్లు గుచ్చుకుంటది" అనేవాడు.

ఒక్క వాగు కాడి కంప మాత్రం ముట్టేవాడు కాదు.

దానికో కారణముంది. ఆ వాగు గడ్డన గుడిసెలో బాలనర్సమ్మ అని మేకలు కాసే ముసలామె ఉంటుంది. ఎగువ చెరువు నిండి మత్తడి మీంచి నీళ్లు దుంకుతున్నాయని తెలిస్తే, ఊరి వైపు నుంచి వంతెన మీదికి ఎక్కే చోట రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప లాగేది. ఇక్కడ చినుకు లేకున్నా సరే, పై ఊళ్లలో పడ్డ వానంతా ఇటే వస్తుంది. బోర్డు లేదు, గేటు లేదు. కంప ఉంటే ఆగాలి, లేకుంటే పోవచ్చు. బడికి పోని పిల్లలకు కూడా తెలిసిన ముచ్చట అది. కంప తీస్తే ప్రాణం తీసినట్టేనని అక్కడి మాట.

వహీద్ పోయిన రాత్రి ఆ కంప తీసింది ఊరి పెద్ద పరశురాం పటేల్.

ఇసుక ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. తొందర. దిగి, కంపను పక్కకు ఈడ్చి, పెద్ద టైర్ల మీద నీళ్లను చీల్చుకుంటూ అవతలికి దాటాడు. మళ్లీ అడ్డం వేయడానికి ఇవతల ఉంటే కదా! గుడిసెలో జ్వరంతో పడుకున్న బాలనర్సమ్మకు పటేల్ ట్రాక్టరు ఆగిన చప్పుడు వినపడింది, కంప ఈడ్చిన చప్పుడు వినపడింది. ఆమె లేచి బయటికి వచ్చేలోపే...

వహీద్ వచ్చాడు. ఎవరింటి నుంచి వస్తున్నాడో తెలుసా? పరశురాం ఇంటి నుంచే. పటేల్ తల్లి భద్రమ్మను దవాఖాన నుంచి తెచ్చి, రెక్క పట్టుకుని గడప దాటించి, ఖాళీ ఆటోతో ఇంటికి పోతున్నాడు. చీకట్లో నీళ్లూ రోడ్డూ ఒకటే రంగు. కంప లేదు. కంప లేదంటే వాగు రాలేదన్నమాట. పాపం, ఊరి మాటను నమ్మాడు.

తెల్లారి ఆటో దిగువ తుమ్మల్లో దొరికింది. చాయ్ హోటల్ కాడ పరశురాం అందరి ముందు అన్నాడు:

"తాగి నడిపిండు. తాగినోడికి వాగేంది, తొవ్వేంది!"

జన్మలో చుక్క ముట్టని మనిషిని! వహీద్ తాగడని ఊరందరికీ తెలుసు. పటేల్ ముందు ఎవరికీ నోరు లేవలేదు. బాలనర్సమ్మ చెప్పబోతే, ముసలిదానికి చెవుడన్నారు.

"సచ్చిన మనిషిని మళ్లొకసారి సంపిండు" అని లాడ్లీ బేగం ఏడ్చింది. వాగు మీద ఏడవలేదు ఆమె, ఆ మాట మీద ఏడ్చింది. గజాలా అది మరిచిపోలేదు.

యూనివర్సిటీలో మొదటి పాఠం రోజే సారు ఒక మాటన్నారు. వాన పడటం ప్రకృతి పని, అది విపత్తుగా మారడంలో మాత్రం మనిషి చెయ్యి ఉంటుందని. క్లాసంతా రాసుకుంది. గజాలా రాసుకోలేదు. ఆమెకు ఒకే ఒక మనిషి చేతులు కనపడ్డాయి. ఆ మనిషి తన నోటితో నిజం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే... ఆ తర్వాతి మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

చివరి ఏడాది ఫీల్డ్ వర్కుకు తుమ్మలవాగునే కోరుకుంది. టేపు పట్టుకుని గోడల మీద పాత వరద చారలు కొలుస్తూ, ఊళ్లోవాళ్లను అడుగుతూ తిరుగుతుంటే హోటల్ కాడ పరశురాం కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏం కొలుస్తున్నవ్ పిల్లా? మీ నాయిన తాగిన సీసా లోతా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వారు. గజాలా టేపు చుట్టి బ్యాగులో పెట్టుకుంది. ఈ మనిషి చావాలి అని ఆ నిమిషాన మనసారా కోరుకుంది.

ఆ సాయంత్రమే ఎగువన మబ్బు పట్టింది. చీకటి పడేసరికి గజాలా వాగు కాడికి వస్తే, బాలనర్సమ్మ గుడిసె ముందు కూర్చుని మూలిగింది.

"బిడ్డా... మత్తడి దుంకిందంట. నా మోకాళ్లు లేస్తలేవు. జర కంప గుంజిరాపో."

గజాలా పోయి కంప గుంజింది. చదివిన చదువు కూడా అదే చెప్పింది — ముందు తొవ్వ మూయాలి. వంతెన మీద అప్పటికే నీళ్లు సన్నగా పారుతున్నాయి. సంతోషమే అనిపించింది. తండ్రికి ఎవరూ చేయని పని తను చేసింది కదా అని.

అప్పుడు కనపడ్డాయి... ఊరి వైపు దిబ్బ మీద పచ్చలైట్లు. మూడు. జీపు నెత్తిన అట్లాంటి లైట్లు పెట్టించుకున్నది ఆ చుట్టుపక్కల ఒక్కడే.

చుట్టూ ఎవరూ లేరు. గుడిసె కాడ ముసలామె కునుకు తీస్తోంది. వాగు సొద పెరుగుతోంది. జీపు వస్తోంది...

వంగింది. కంప పట్టుకుంది. పక్కకు ఈడ్చింది.

ముళ్లు అరచేతిలో దిగాయి. నొప్పి తెలియలేదు. తొవ్వ తెరుచుకుంది. ఆ రాత్రి తెరిచినట్టే. గజాలా పోయి రాతి గుట్ట వెనక నక్కింది. రా పటేలా... రా.

టక్... టక్... టక్...

జీపు చప్పుడు కాదది. ఆటో చప్పుడు.

ఊరి వైపు నుంచి కాదు... వాగు వైపు నుంచి.

నీళ్లు పారుతున్న వంతెన మీద ఆటో ఎట్లా వస్తుంది? వచ్చింది. ముందర లైటు వెలుగుతోంది, కానీ ఆ వెలుగు రోడ్డు మీద పడటం లేదు. ఆగింది. ఖాకీ చొక్కా మనిషి దిగాడు. చొక్కా నుంచి నీళ్లు కారుతున్నాయి. తల వంచుకుని వచ్చి, వట్టి చేతులతో కంప పట్టి, రోడ్డుకు అడ్డంగా లాగడం మొదలుపెట్టాడు.

గజాలా ఆగలేక గుట్ట వెనక నుంచి లేచి, రెండడుగులు ముందుకు వేసి, చెయ్యి చాచింది.

"జరుగు బేటీ..." ఆ మనిషి తలెత్తలేదు. "ముల్లు గుచ్చుకుంటది."

ఆమె అక్కడే కూలబడింది. సిగ్గుతో కూలబడిందో, ప్రేమతో కూలబడిందో ఆమెకే తెలియదు.

జీపు వచ్చి కంప ముందు కీచుమని ఆగింది. పరశురాం దిగాడు. గుప్పుమని మందు వాసన.

"ఏ లం... ముండ వేసిందిరా గీ కంప!"

అలవాటు మానలేదు చూశారా! వంగి, కొమ్మ పట్టుకుని గుంజాడు. రాలేదు. బలంగా గుంజాడు. అవతలి నుంచి ఎవరో అంతకన్నా బలంగా గుంజారు. ముళ్లు చేతుల్లో దిగి రక్తం కారింది. వదిలేద్దామంటే చేతులు విడివడలేదు.

"ఎవరది... ఎవర్రా?"

"నేనే పటేలా..." గుసగుసగా వచ్చింది మాట. "మీ అమ్మ మంచిగున్నదా?"

లైట్ల వెలుగులో కంపకు అవతల ఏమి కనపడిందో పరశురాం ఇప్పటికీ చెప్పడు.

"ఆ రాత్రి కంప ఎవరు తీసిండ్రు, పటేలా?"

"నేనే... నేనే తీసిన! నువ్వు తాగలే వహీదూ... తాగలే... నేనే పుట్టించిన. ఇడువు... నీ కాల్మొక్త, ఇడువు!"

అరుపుకు బాలనర్సమ్మ లేచింది. ఆమె విన్నది. గజాలా విన్నది. అదే క్షణాన వాగు విరుచుకుపడింది. వంతెన కనపడకుండా పోయింది. కంప ఇవతల జీపు, జీపు పక్కన మోకాళ్ల మీద పరశురాం... అంతే. ఆటో లేదు.

తెల్లారి హోటల్ కాడ బాలనర్సమ్మ విన్నది విన్నట్టు చెప్పింది. ఈసారి ఆమెకు చెవుడని ఎవరూ అనలేదు. ఆ ముచ్చట నార్కట్‌పల్లి దాకా పోయింది. లాడ్లీ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

మరి పరశురాం? బతికే ఉన్నాడు. బతికి ఉండటమే ఆయనకు పడ్డ శిక్ష. వానాకాలం మొదలైతే పగలనక రాత్రనక ఆ కాళ్లు వాటంతట అవే వాగు కాడికి వస్తాయి. తన చేతులతో కంప కొట్టి, అడ్డం వేసి, దాని పక్కనే కూర్చుంటాడు. పటేల్ కొడుకులు బలవంతాన ఇంట్లో పెట్టి తలుపులేస్తే, తెల్లవార్లూ "వస్తున్న వహీదూ, వస్తున్న" అని తలుపుకు తల బాదుకున్నాడట. మళ్లీ ఎవరూ ఆపలేదు.

చదువు అయిపోయాక గజాలా అదే యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి చేరింది. మొన్నీమధ్య క్లాసు పిల్లల్ని తీసుకుని తుమ్మలవాగు చూపించడానికి వచ్చింది. ఎండ కాస్తోంది. పిల్లలు వంతెన కొలుస్తుంటే, కంప పక్కనున్న మనిషి ఆమెను చూసి లేవబోయి, లేవలేక, చేతులు జోడించాడు. అరచేతుల నిండా ముళ్ల గాట్లు.

"బిడ్డా... గజాలా... మీ నాయినకు జర చెప్పు. నన్ను ఇడిసిపెట్టుమను. లేద్దామంటే భుజం పట్టి కూసోవెడుతున్నడు. నువ్వు చెప్తే ఇంటడు."

గజాలా ఆయన వెనక వైపు చూసింది. ఎవరూ లేరు. ఉన్నదల్లా పొడి రోడ్డు, దాని మీద ఎండ.

కానీ ఆయన పొడి చొక్కా మీద, కుడి భుజం కాడ, ఒక్క అరచెయ్యి అంత జాగా తడిసి ఉంది. నీళ్లు ఇంకా కారుతున్నాయి.

ఒక్క మాట చెబితే చాలు. "అబ్బాజాన్, ఇక చాలు" అని తండ్రితో అంటే చాలు. ఆ మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. సీసా లోతు అన్న మాట కూడా గుర్తొచ్చింది.

"వానాకాలం ఇంకా పోలే పటేలా," అంది గజాలా. "కూసో."