రేకు కింద మెతుకు

ఆకాశంలోని పైకన్ను నిన్న మధ్యాహ్నం తీసిన బొమ్మల ప్రకారం వంతెన దగ్గర స్తంభం మీది కాకిగూడు పడిపోయింది. కూర్మయ్య పట్టకారుతో గూడు తీసేశాడు. ఆ పక్కనే కట్ట కాస్త కోసుకుపోయింది. గోరుతో అక్కడి మట్టి గీకాడు. గీకాడో లేదో, పై అరలో వస్తున్న బుల్లి సరుకుబండి వేగం తగ్గించింది. అక్కడ సముద్రం ఒడ్డున అసలు బండీ తగ్గించి ఉంటుంది.

నకలుగది మంచమంత. కాళ్ళు చాపితే గోడ. మూడు గోడలకీ అరలు, అరల మీద మెలికలు తిరుగుతూ సముద్రపు కట్ట లైను మొత్తం. ఉప్పుగాలికి బండ్ల కళ్ళు ఎప్పుడో పోయాయి. వాటిని నడిపే బండిబుర్ర చూసేది ఈ గదినే. ఇక్కడ పట్టా మీద రాయి ఉంటే అక్కడ బండి ఆగుతుంది. ఇక్కడ హాల్టులో మనిషి లేకపోతే అక్కడ ఆగదు. అందుకే నకలుగాడికి ఒకటే కట్టుబాటు. పైకన్ను చూసింది పెట్టాలి, చూడనిది పెట్టకూడదు.

"కూర్మయ్య గారూ, ఉప్పుగెడ్డ హాల్టు ఇంకా పీకలేదేం?" గోడలోంచి ఇందుమతి గొంతు. నకలును బొమ్మలతో సరిచూసే పని ఆమెది.

"మనుషులున్నారమ్మా అక్కడ."

"నెలరోజుల బొమ్మల్లో ఒక్కరూ లేరు."

"పొద్దున తీసే బొమ్మలు మధ్యాహ్నానికి మార్చారు. ఆ ఎండలో హాల్టు రేకు కప్పు దాటితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. నీడలో ఉంటారు. పైనుంచి చూస్తే రేకే కనపడుతుంది."

"కావచ్చు. వేళ మార్చడం నా చేతిలో లేదు. పోయినేడు ఎవరో బొమ్మ చూడకుండా గుర్తుమీద గేదెను పెడితే, లేని గేదె కోసం బండి పూటంతా నిలిచిపోయింది. మధ్యాహ్నం బండి వచ్చేలోపు తీసేయండి."

గొంతు ఆగిపోయింది. అంతలో చెవిలో పెట్టుకున్న చెవిగింజ చిటపటలాడింది. అసిరమ్మ. కూర్మయ్యకి అప్ప, తోడబుట్టింది. పెళ్ళయినప్పటినుంచీ ఉప్పుగెడ్డలోనే ఉంటోంది.

"ఏటిరా కూర్మా, నీ బండి నిన్న కూడా ఈల కొట్టుకుని ఎలిపోనాది. గొంతులు సించుకున్నాం."

"దానికి చెవుల్లేవప్పా."

"కళ్ళు నేవు, సెవులు నేవు. నీకేమో నోరు నేదు. సరిపోనారు ఇద్దరూ!"

కూర్మయ్య నవ్వాడు గాని పైకి రానివ్వలేదు.

"కోడలికి నెలలు నిండిపోనాయి," అంది అసిరమ్మ, గొంతు తగ్గించి. "ఈ పట్టాల కట్ట తప్ప ఆసుపత్రికి దారేటున్నాది? మళ్ళీ తీసుకొచ్చి రేకు కింద కూకోబెట్టాను. ఆగుద్దా, ఆగదా?"

కూర్మయ్య కింది అర వైపు వంగాడు.

"ఒక్క మాటాడితే అరిగిపోతావేటి?"

"చూస్తానప్పా."

కింది అరలో ఉప్పుగెడ్డ. ఆ రేకు అతను తయారుచేసిందే. డబ్బా మూత కత్తిరించి, గీతలు నొక్కి, టీ డికాక్షన్, పసుపు కలిపి తుప్పు పట్టించాడు. చూసినవాళ్ళందరూ అచ్చం రేకే అన్నారు. ఆ మాటకి ఆ రోజంతా పొంగిపోయాడు. కింద మాత్రం ఏనాడూ ఏమీ పెట్టలేదు. పైనుంచి కనపడనిదానికి పనెందుకని.

బ్లేడు తీసుకుని హాల్టు అడుగున దూర్చాడు. జిగురు కాస్త ఊడింది. పై అరలో ప్యాసింజరు బండి మలుపు తిరిగింది.

బ్లేడు పక్కన పెట్టాడు.

బొమ్మమనుషుల పెట్టె ముట్టుకుని చూశాడు. పైకన్ను మనిషిని చూసినప్పుడు తప్ప ఆ పెట్టె తెరుచుకోదు. తెరుచుకోలేదు. కూర్మయ్య ఇటూ అటూ చూశాడు. ఇంటినుంచి తెచ్చుకున్న కారియర్ మూత తీశాడు. ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నిలబెట్టాడు. లైను మీది మనుషులదీ అంతే ఎత్తు. కింద కాస్త నొక్కాడు. కడుపు వచ్చింది. పట్టకారుతో రేకు కిందికి పోనిచ్చి, నీడలో కూర్చోబెట్టాడు. జిగురు అక్కర్లేకపోయింది. దానంతటదే అతుక్కుంది.

బండి కింది అరలోకి దిగింది. వంతెన దాటింది. ఎప్పటిలా దూసుకొస్తోంది. హాల్టు దగ్గరికి వచ్చి, తడబడినట్టు ఒకసారి జరిగి, ఆగింది.

దాని వెనక సరుకుబండి ఆగింది. పై అరలో ఇంకోటి. ఆ పైన ఇంకోటి. ఆ గదిలో చప్పుడు లేకపోవడం అంటే ఏమిటో కూర్మయ్యకి అప్పుడే తెలిసింది.

"ఆగిందిరా!" చెవిలో అప్ప అరుపు. "ఎక్కు, మెల్లిగా ఎక్కవే తల్లీ..." తర్వాత గాలి హోరు.

"కూర్మయ్య గారూ!" గోడ పలికింది. "లైనంతా నిలిచిపోయింది. ఉప్పుగెడ్డలో ఏం పెట్టారు?"

"మనిషిని."

"పైకన్ను చూడలేదే!"

"చూడలేదు."

ఇప్పుడు సంజాయిషీ అడుగుతుంది, తర్వాత గది ఖాళీ చెయ్యమంటుంది అనుకున్నాడు. కుంచెలు ఒక్కొక్కటే తుడిచి సర్దాడు. బండి కదిలింది.

"ఎవరైనా ఎక్కారా?" అంది ఇందుమతి చివరికి.

"మా అప్ప కోడలు. నిండు నెలలు."

గోడలోంచి బొమ్మలు తిరగేస్తున్న చప్పుడు.

"మిగతా హాల్టులకి కూడా రేకులున్నాయి కదండీ?"

"అన్నిటికీ ఉన్నాయమ్మా. నేనే వేశాను."

"వాటి కింద?"

"తెలీదు. ఆపి చూడాల్సిందే."

వద్దని గోడ అనలేదు. కూర్మయ్య మరో క్షణం చూసి, కారియర్ మూత మళ్ళీ తీశాడు.