ముయివా కొట్లో ఏడో కంప్యూటర్

నెలలో చివరి శనివారం పొద్దున నైజీరియాలోని ఇబాదాన్‌లో ఎవరూ ఇల్లు కదలరు. ఏడింటి నుంచి పదింటిదాకా ఎవరి ముంగిలి వాళ్లు ఊడ్చుకోవాలి, ఎవరి మురిక్కాలవ వాళ్లు తోడుకోవాలి. బస్సులు తిరగవు. కొట్లు తెరవకూడదు. రోడ్డు మీద కనిపించినవాణ్ణి శానిటేషన్ వాళ్లు వ్యాన్ ఎక్కించి తీసుకుపోతారు.

మొకోలా సందులోని ముయివా ఇంటర్నెట్ కొట్టుకు మాత్రం ఆ కాసేపే మంచి బేరం. ఏడు కాకముందే పిల్లల్ని లోపలికి పంపేవాడు. షట్టరు కిందికి లాగి, బయట తాళం వేసి, చీపురు పట్టుకుని కాలవ పక్కన నిలబడేవాడు. చూసేవాళ్లకు అది మూసిన కొట్టు. జనరేటర్ వేస్తే చప్పుడు బయటికి వస్తుంది కాబట్టి లోపల అంతా బ్యాటరీ మీదే నడిచేది. ఫ్యాన్లు తిరగవు, దీపాలు వెలగవు. అందుకే రేటు సగం.

ఆ శనివారం వచ్చింది ఇద్దరే. కెజీకి పదమూడేళ్లు, టిటో దానికంటే ఏడాది చిన్న.

"ముగ్గురు కదే మీరు?" అన్నాడు ముయివా తాళం చేతిలో ఆడిస్తూ. "మూడో డిటెక్టివ్ గారేరీ?"

"ఇబిదున్ బుద్ధిమంతురాలైపోయింది అన్నా," అంది టిటో. "మాలాంటి వాళ్లతో తిరగదిప్పుడు."

"ఒక్కరైనా బాగుపడ్డారు. సరే, సంగతి తెలుసుగా. ఎవరు షట్టరు కొట్టినా పలక్కండి. పేరు పెట్టి పిలిచినా సరే. మీ అమ్మ గొంతులా వినిపించినా సరే. ఆ శానిటేషన్ వాళ్లు వీధి పిల్లల్నడిగి పేర్లు కనుక్కుని మరీ పిలుస్తారు. మీరు 'ఊఁ' అన్నారా, నా కొట్టుకు సీలు పడుతుంది."

షట్టరు దిగింది. పట్టపగలు పోయి, సన్నటి వెలుగు గీత ఒకటి నేల మీద మిగిలింది. చెత్త తగలబెడుతున్న పొగా, కాలవలోంచి తీసిన బురద కంపూ షట్టరు కింది ఆ సందులోంచే లోపలికి వస్తున్నాయి.

ఆ ముగ్గురినీ కలిపింది బస్ స్టాండులో దొరికే పసుపు అట్టల పుస్తకాలు. వాటిలో తినూకె అనే పిల్ల, దాని జట్టు, ఇలాంటి కొట్లోనే కుర్చీల మీంచి లేవకుండా దొంగల్ని పట్టేస్తుంటారు. ఇంటర్నెట్‌లో ఎవరు ఎక్కణ్ణుంచి రాస్తున్నారో కనిపెట్టడం వాళ్ల విద్య. ఒక్కో పుస్తకం ముగ్గురూ చదివాక అట్ట ఊడిపోయేది. ఇబిదున్ అయితే రెండుసార్లు చదివేది.

పోయిన నెల శానిటేషన్ రోజున కెజీకి జ్వరం. టిటో అమ్మమ్మగారి ఊళ్లో ఉంది. ఇబిదున్ ఒక్కతే వచ్చి ఈ కొట్లో కూర్చుంది. ఆ తర్వాత అది పుస్తకాలు ముట్టుకోలేదు. ఇంకో మార్పు కూడా ఉంది. ఇబిదున్‌ది పుట్టు ఎడమ చెయ్యి. ఎడమ చేత్తో వస్తువు అందించినందుకు ఇంట్లో, బళ్లో, చర్చిలో ఎన్ని దెబ్బలు తిందో లెక్క లేదు. ఇప్పుడు అన్నం, రాత, నమస్కారం అన్నీ కుడి చేత్తోనే. వాళ్లమ్మ సంతోషం పట్టలేక వీధంతా చెప్పుకుంది.

కెజీకి మాత్రం అది నచ్చలేదు. మొన్న మంగళవారం ఇదే కొట్లో కూర్చుని ఉండగా తెర మీది చాట్‌లో ఇబిదున్ పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది. 'కెజీ, షట్టరు తియ్యమను' అని వచ్చింది. కెజీ తలెత్తి చూసింది. ఇబిదున్ రోడ్డవతల నిలబడి, కుడి చేత్తో బొబ్బర్ల వడలు తింటోంది.

తినూకె ఏం చేసేదో కెజీ అదే చేసింది. ఆ మాట ఏ లైను మీంచి వచ్చిందో దాని నంబరు వెతికి పట్టుకుంది. తన ముందున్న కంప్యూటర్‌ది కూడా అదే నంబరు. రాసినవాళ్లు ఈ కొట్లోనే ఉన్నారు.

అందుకే ఇవాళ టిటోను లాక్కొచ్చింది. ఇబిదున్ ఎక్కడుందో తెలియకుండా కెజీ ఇంటికి వెళ్లదలుచుకోలేదు.

"నీ తలలో మెదడుందా, బొబ్బర్ల పిండుందా?" అంది టిటో, పుస్తకంతో విసురుకుంటూ. "ఇబిదున్ వాళ్లింట్లో ఉంది. పొద్దున చూశాను. చీపురు పట్టుకుని పాట పాడుతోంది."

"ఇబిదున్ ఎప్పుడైనా చీపురు పట్టిందా?"

టిటో ఇంకా గట్టిగా విసురుకుంది.

పచ్చ చుక్క వెలిగింది.

కెజీ గబగబా టైపు చేసింది. 'నువ్వు ఇబిదున్ అయితే చెప్పు. ఎవరూ చూడనప్పుడు ఏ చేత్తో తింటావు?'

'ఎడమ. నీకు తెలుసుగా.'

టిటో విసురుకోవడం ఆపేసింది.

'ఎక్కడున్నావు?'

'కొట్లోనే.'

'ఏ కంప్యూటర్ దగ్గర?'

'ఏడు.'

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. కొట్టు చివర, గోడ పక్కన, పూల గుడ్డ తెర వెనకాల ఉంటుంది ఏడోది. అది చచ్చి రెండేళ్లయింది. దాని లోపలి సామానంతా ముయివా మిగతా వాటికి పీకి పెట్టుకున్నాడు. మిగిలింది ఉత్త డబ్బా, ఒక తెర, ఒక కుర్చీ.

"వెళ్లి చూడు," అంది టిటో గుసగుసగా.

"నువ్వూ రా."

"డిటెక్టివ్‌వి నువ్వా, నేనా?"

కెజీ వెళ్లి గుడ్డ పక్కకు లాగింది. దుమ్ము పట్టిన తెర. తెగిపడిన వైరు. ఖాళీ కుర్చీ. కుర్చీ మీద చెయ్యి వేసి చూసింది. ఇప్పుడే ఎవరో లేచినట్టు వెచ్చగా ఉంది.

తిరిగి వచ్చేసరికి టిటో రెండు కాళ్లూ కుర్చీ పైకి ముడుచుకుని కూర్చుంది. తెర మీద కొత్త మాటలున్నాయి.

'అమ్మ వచ్చి షట్టరు కొట్టింది. పేరు పెట్టి పిలిచింది. ముయివా అన్న చెప్పినట్టే పలకలేదు.'

దాని కింద, ఇబిదున్ ఇంకా ఏదో రాస్తున్నట్టు చిన్న గుర్తు మెరుస్తోంది.

బ్యాటరీ ఒక్కసారి కీచుమంది. ఆరు తెరలూ నల్లబడ్డాయి.

చీకటి... వేడి... బయట ఎక్కడో పార గీసుకుంటున్న చప్పుడు. అదీ ఆగింది.

"అన్నను పిలుద్దాం," అంది టిటో.

"వద్దు. శానిటేషన్ వాళ్లుంటే?"

"ఉంటే ఉండనీ. నన్ను బయటికి పంపు."

అప్పుడు కొట్టారు షట్టరు. మూడు దెబ్బలు, మెల్లగా.

"కెజీ!"

అమ్మ గొంతు. కొంచెం రొప్పుతూ, కొంచెం కోపంగా... అచ్చం అమ్మ.

"మొరెనికెజీ!" పూర్తి పేరు పెట్టి పిలిచింది. "లోపలున్నావని తెలుసు. పదయిపోయింది. అంబలి చల్లారిపోతోంది. రా."

టిటో నోరు తెరవబోయింది. కెజీ ఒక చేత్తో దాని నోరు మూసి, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ముయివా అన్న ఏం చెప్పాడు? అమ్మ గొంతులా వినిపించినా సరే అన్నాడు. ఇబిదున్ కూడా పలకలేదు. కెజీ పళ్లు బిగించింది.

"కెజీ, నిన్నే!"

"వస్తున్నానమ్మా."

ఆ జవాబు లోపలి నుంచే వచ్చింది. గుడ్డ తెర వైపు నుంచి.

అది కెజీ గొంతు.

కెజీ పెదవులు కదల్లేదు. టిటోకూ ఆ సంగతి తెలుసు. అరచేతి కింద దాని ఊపిరి ఆగిపోయింది. చెప్పుల చప్పుడు ఒకటి వాళ్ల పక్క నుంచే నడిచి వెళ్లింది. కెజీ చెప్పుల చప్పుడే, ఎడమ చెప్పు కాస్త ఈడుస్తూ. షట్టరు లేవలేదు. తాళం తియ్యలేదు. నేల మీది వెలుగు గీత ఒక్క క్షణం తెగి, మళ్లీ కలిసింది.

"ఎట్నుంచి వచ్చావే?" బయట అమ్మ గొంతు.

"వెనక దారిన."

ఆ కొట్టుకు వెనక దారి లేదు. వెనక ఉన్నది గోడ.

"అరే... మోకాళ్ల మీద కూర్చుని నమస్కారమా!" అమ్మ నవ్వింది. ఏళ్ల తరబడి తిట్టినా, కొట్టినా కెజీ పెద్దవాళ్ల ముందు మోకాలు వంచలేదు. "లే తల్లీ, లే. గౌను మాసిపోతుంది. ఎవరు నేర్పారే నీకు?"

అమ్మ అంత హాయిగా నవ్వగా కెజీ ఎప్పుడూ వినలేదు. ఆ నవ్వు సందు చివరిదాకా వెళ్లి మలుపు తిరిగింది.

అమ్మా, అని అరిచింది కెజీ. గొంతు నరాలు నొప్పెట్టేంత గట్టిగా అరిచింది. చప్పుడు రాలేదు. గాలి కూడా రాలేదు.

కొట్టు చివర వెలుగు. గుడ్డ మీది పూలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. వైరు తెగిన ఏడో తెర వెలిగింది. ఇందాక ఇబిదున్ రాస్తూ ఆగిన మాట అక్కడ ఉంది.

'ఇంకెవరో పలికారు.'

అప్పుడు అర్థమైంది కెజీకి. పలకాలి. పేరు పిలిచినప్పుడు ఎవరి పేరుకు వాళ్లే పలకాలి. ఇది టిటోకు చెప్పాలి. ఎలా చెప్పాలి... తన చెయ్యి ఇంకా టిటో నోటి మీదే ఉంది. తియ్యాలి. వేళ్లు బిగుసుకుపోయాయి.

తాళం తిరిగింది. షట్టరు నడుము ఎత్తుదాకా లేచింది. ఎండ లోపలికి పడి, వాళ్ల చెప్పుల కొనలదాకా వచ్చి ఆగింది. ముయివా వంగి లోపలికి చూశాడు.

"టిటో! ఒక్కదానివే లోపలున్నావటే? కెజీ ఎప్పుడో వెళ్లిపోయిందిగా. రా, రా."

అతని చూపు ఇద్దరి ముఖాల మీదికీ వచ్చింది. ఖాళీ కుర్చీల మీదికి జరిగినట్టే పక్కకు జరిగిపోయింది.

కెజీ వేళ్లు విప్పడానికి చూసింది. ఒక్క వేలు... రెండోది...

"వస్తున్నా అన్నా!"

టిటో గొంతు. షట్టరు దగ్గర నుంచి.

నీలం గౌను ఒకటి వంగి, షట్టరు కింద నుంచి ఎండలోకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ టేబుల్ మీది పసుపు అట్ట పుస్తకాన్ని కుడి చేత్తో తీసుకుంది. కెజీ అరచేతి కింద టిటో పెదవులు కదులుతూనే ఉన్నాయి. తడిగా, వేగంగా, మాట లేకుండా.

షట్టరు దిగింది. అప్పుడు వదిలాయి కెజీ వేళ్లు. పరిగెత్తి రెండు పిడికిళ్లతో బాదింది. రేకు కదల్లేదు. చప్పుడు కాలేదు.

"బ్యాటరీ చచ్చింది," ముయివా తాళం వేస్తున్నాడు. "పెట్రోలు తెచ్చి జనరేటర్ వేస్తే గానీ కొట్టు నడవదు. ఏమే, వచ్చే నెల కూడా ఇద్దరేనా? నాకు గిట్టుబాటు కావద్దూ?"

"ఎక్కువమందిని తెస్తాలే అన్నా," అంది టిటో గొంతు. పేజీలు తిప్పుతున్న చప్పుడు. "మా క్లాసులో అందరికీ ఈ పుస్తకాలంటే పిచ్చి."

ఇద్దరి అడుగులూ దూరమయ్యాయి. బస్సులు కదులుతున్నాయి. వీధి మామూలుగా గోల చేస్తోంది. రోడ్డు మీద ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలుస్తున్నారు.

టిటో తడుముకుంటూ వచ్చి కెజీ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ షట్టరుకు వీపు ఆనించి, ఏడో తెర వైపు చూస్తూ నిలబడ్డారు. దాని ముందున్న కుర్చీ మెల్లగా వాళ్ల వైపు తిరిగింది. ఇబిదున్... ఇబిదునే అయి ఉంటుంది.

తర్వాత దాని పక్క కుర్చీ తిరిగింది. తర్వాత ఆ పక్కది.