నిచ్చెనకు కట్టిన తువ్వాలు

“మన సబ్‌మెరైన్ డాక్ ప్లాన్ మైక్రోఫిల్మ్‌గా మారింది. ఈరోజే ఓడలో విశాఖ దాటుతోంది. ఆపు.”

ఢిల్లీలో చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. 1978 నాటి మాట. ఏజెంట్ అర్జునరావు టీమ్ మూడు ఊళ్ళలో ఉంది. చీఫ్ ఢిల్లీలో, ఓడ కబురు పంపిన మనిషి సింగపూర్‌లో. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఒకరు భోజనానికి లేచేసరికి ఇంకొకరు కునుకు తీస్తుంటారు. అందరినీ వైర్‌లెస్‌తో కలిపేది విశాఖలో ఉన్న చారుమతి. ఆమెను ఒకసారి చూసినవాడు మరిచిపోలేడు.

అర్జునరావు కళాసీ వేషంలో ఓడ ఎక్కాడు. మొదటి షిఫ్టు దిగిపోతోంది. అడుగున సరుకు గదిలో మిగిలిన ఖనిజం ఊడుస్తానని నిచ్చెన మీద కాలు పెట్టాడు.

“తువ్వాలు ఇప్పి నిచ్చెనకి కట్టు,” అన్నాడు మేస్త్రీ అబ్బులు.

“ఎందుకు?”

“దిగినోడు కడతాడు, ఎక్కినోడు ఇప్పుకుంటాడు. నాను గాజువాక బస్సెక్కి ఎల్పోతే, నువ్వు లోపలున్నావని రొండో షిఫ్టోడికి ఎవుడు సెప్తాడు?”

అర్జునరావు లోలోపల నవ్వుకున్నాడు. చేతివాచీలో ట్రాన్స్‌మిటర్ ఉన్నవాడికి తువ్వాలొకటి తక్కువైందా? అయినా వేషం కోసం, గది బయటికి పొడుచుకొచ్చిన నిచ్చెన కొసకు కట్టాడు.

చారుమతి చెప్పిన చోటే, మాంగనీసు గుట్ట వెనక మైక్రోఫిల్మ్ దొరికింది. అంతలో పైన ఇనుప మూత దడేలున పడింది.

“చారుమతీ, డాల్ఫిన్ రెడ్,” అన్నాడు వాచీలోకి. ప్రాణం మీదికొస్తే వాడే కోడ్ అది.

“విన్నాను. నీ తల మీదే ఉన్నాను,” అంది తేనెలాంటి గొంతు. “నువ్వు క్షేమమని ఢిల్లీకీ, సింగపూర్‌కీ చెప్పేశాను. ఫిల్మ్ జేబులో ఉంచు. నడిసముద్రంలో తీసుకుని నిన్ను చేపలకిస్తాను.”

వాచీ మూగబోయింది. చీకట్లో నల్లదుమ్ము గొంతులో అడ్డుపడింది. నిచ్చెనెక్కి మూతను పిడికిళ్ళు పగిలేలా బాదాడు. ఇంజన్ మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినబడదు. అర్జునరావుకు భయం వేసింది. మూడు ఊళ్ళ కబుర్లూ ఒక్క మనిషి చేతిమీదుగా నడపడం ఎంత తెలివితక్కువో ఇప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

పైన ఏవో గొంతులు. మూత సందుకు చెవి ఆనించాడు.

“ఏటిది, ఈ తువ్వాలెవుడిది?” రెండో షిఫ్టు మేస్త్రీ మౌలాలి అడుగుతున్నాడు.

“పాతగుడ్డ. రేవుకి కట్టిన తాడు విప్పండి, ఓడ వెళ్ళాలి,” అంది చారుమతి.

“మావోళ్ళది కాదమ్మా. మొదటి షిఫ్టోడెవుడో లోపలున్నాడు.”

“మీకు తెలియనివాడి కోసం ఓడ ఆపుతారా?”

“తెలిసినోడైతే పేరెట్టి పిలుద్దుం. మూత తియ్యండొరే. అందాకా తాడు ఇప్పేది లేదు.”

కెప్టెన్ కేకేశాడు. ఓడవాళ్ళు గొడ్డలి తెచ్చి తాడు నరకబోయారు. మౌలాలి ముఠా అంతా వెళ్ళి ఆ తాడు మీద కూర్చుంది.

గొడవకు పోర్టు పోలీసులొచ్చారు. మూత లేచింది. ఒళ్ళంతా మసితో ఎక్కివచ్చిన అర్జునరావు పిడికిలి విప్పి ఫిల్మ్ చూపించాడు. చారుమతి హ్యాండ్‌బ్యాగ్‌లో పిస్టల్ కోసం చెయ్యి పెట్టేలోగా ఇన్‌స్పెక్టర్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“నీ తువ్వాలు నువ్వే ఇప్పుకో, బావా,” అన్నాడు మౌలాలి. “ఇంకోడు ఇప్పకూడదు.”

ముడి విప్పుతుంటే అర్జునరావుకు కళ్ళు చెమర్చాయి.

వారం తిరక్కుండానే చీఫ్ నుంచి ఆర్డరొచ్చింది: నిన్ను కాపాడిన కోడ్ వెంటనే పంపు. అర్జునరావు తువ్వాలు మడిచి పార్సెల్ చేశాడు. ఢిల్లీలో దాన్నింకా డీకోడ్ చేస్తున్నట్టున్నారు.