రొట్టెలు ముందు, ఆశీస్సులు లోపల

శ్యామ్ నవ్వకూడని చోట నవ్వాడు. అదీ రేణుక ల్యాప్‌టాప్ చూసి.

"పెళ్లి శుభలేఖ అనుకున్నానండి," అన్నాడు.

మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క సీట్లే. కాకినాడ నుంచి వచ్చిన శ్యామ్ ఉద్యోగం వెబ్‌సైట్లను గూగుల్‌లో పైకి తేవడం. రేణుకది సిద్దిపేట వైపు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. వాళ్లమ్మ అంజమ్మ గోపన్‌పల్లిలో జొన్న రొట్టెల కొట్టు పెడితే, దానికి రేణుక సొంతంగా వెబ్‌సైట్ చేసింది. పేజీ టైటిల్ ఇది: "శ్రీ ఎల్లమ్మ తల్లి ఆశీస్సులతో అందరికీ సుస్వాగతం, అంజమ్మ గారి జొన్న రొట్టెలు".

"నవ్వుడు అయిపోయిందా? దసరా దాకా గిరాకీ రాకుంటే మా అమ్మ కొట్టు మూసి మళ్ల హౌస్‌కీపింగ్‌కు పోతనంటుంది."

ఆమె కళ్లు తడవడం చూసి శ్యామ్‌కు సిగ్గేసింది.

"సారీ అండి. గూగుల్‌లో మీ పేజీ ఎలా కనిపిస్తోందో చూడండి."

సుస్వాగతం దాకా ఉంది. ఆ తర్వాత చుక్కలు. రొట్టెల ఊసే లేదు.

"టైటిల్ పొడుగైతే చివర కోసేస్తారు. అసలు మాట ముందుండాలి," అంటూ శ్యామ్ టైప్ చేసి చూపించాడు: "అథెంటిక్ సోర్గమ్ ఫ్లాట్‌బ్రెడ్".

ఇప్పుడు నవ్వే వంతు రేణుకది. "ఆకలైనోడు ఎవడన్న గిట్ల టైప్ చేస్తడా? జొన్న రొట్టె అని కొడ్తడు."

శ్యామ్ ఓడిపోయాడు. బాధేమీ కలగలేదు. ఆ నవ్వు మళ్లీ చూడాలనిపించింది, అంతే.

సాయంత్రం వానలో తడుస్తూ ఇద్దరూ కొట్టుకు వెళ్లారు. అమ్మ ఒప్పుకోకుండా రేణుక ఒక్క అక్షరం మార్చదు. ఎల్లమ్మను తలుచుకోకుండా అంజమ్మ పొయ్యి కూడా అంటించదు.

"తల్లి పేరు తీసేస్తరా సారూ?"

"తీసెయ్యం అమ్మా. పేజీ లోపల, అన్నిటికన్నా పైన పెడతాం."

అంజమ్మ పెనం మీది రొట్టె తిప్పింది. "సరే. ఆకలైనోన్ని ముందుగాల గడప దాక రానియ్యుండ్రి. లోపలికొచ్చినంక తల్లికి మొక్కుతడు."

టైటిల్ మారింది: "జొన్న రొట్టెలు, గోపన్‌పల్లి - అంజమ్మ కొట్టు".

ఇక ఎదురుచూపులు. రోజూ వెతకడం, ఉసూరుమనడం. దసరా ముందు, బతుకమ్మ కోసం తంగేడు పూలు బజారుకొచ్చే వేళకు, ఒక పొద్దున రేణుక సీట్లోంచి లేచి నిలబడింది.

"శ్యామ్, మనమే ఫస్ట్."

నార్సింగి అపార్ట్‌మెంట్ల నుంచి, చుట్టుపక్కల ఆఫీసుల నుంచి ఒకటే ఫోన్లు. పనిలోకి ఎప్పుడొస్తావని పాత సూపర్‌వైజర్ అడిగితే అంజమ్మ దర్జాగా చెప్పింది. "నేను రాను సార్. రొట్టెలు గావాల్నంటే చెప్పుండ్రి, పంపిస్త."

ఆ సాయంత్రం కొట్టు ముందు మళ్లీ వాన. శ్యామ్ గొంతు సవరించుకున్నాడు.

"రేణుక గారూ, ఇన్నాళ్లూ మనం కలిసి పనిచేశాం కదా, ఆ పరిచయంతో, మీరు తప్పుగా అనుకోనంటే, అంటే నా ఉద్దేశం..."

"పొడుగైతుంది శ్యామ్. చివర కోసేస్తరు. అసలు మాట ముందుకు తే."

శ్యామ్ అసలు మాటకొచ్చాడు. "ప్రేమిస్తున్నాను, రేణుకా."

"నేను గూడ."

అంత పొట్టి టైటిల్ అతను తన సర్వీసులో చూడలేదు.

లోపలి నుంచి అంజమ్మ గొంతు వినిపించింది. "గడప దాకనైతే వచ్చిండ్రు గద. ఇగ లోపలికొచ్చి ఇద్దరు తల్లికి మొక్కుండ్రి. రొట్టెలు సల్లారుతున్నయ్."