ఎనిమిదో గట్టు ఇంజను

నూకరత్నం స్క్రూడ్రైవరు మొనను ఇంజను తలకు ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టుకుంది. లోపల ఇంధన పంపు ప్లంజరు కొట్టుకోవడం లేదు, ఈడ్చుకుంటోంది. మూడో వార్డు గట్టు మీద ఆ ఇంజను తెల్లవార్లూ నల్లపొగ కక్కుతూనే తిరిగింది. పక్కనే ఇంజను బెల్టుతో తిరిగే ఎత్తుమర గొట్టంలో నీళ్ళు సగం దాకా ఎక్కి, గట్టు దాటలేక మళ్ళీ మూడో వార్డు కాలువలోకే జారిపోతున్నాయి.

ఆమె నోరు విప్పకముందే షెడ్డు గోడకున్న పెట్టె మాట్లాడింది. "మూడు. ఇంధన పంపు. దిగువసరుకు. తొమ్మిది."

ఊరి ఇంజన్లన్నిటినీ కనిపెట్టి ఉండే ఆ యంత్రాన్ని మట్టం అంటారు, అదెప్పుడూ అంతే. ప్రతి ఇంజను మీదా దాని చెవి ఒకటి అతికించి ఉంటుంది. చప్పుడు విని రోగం చెబుతుంది, మందు ఎక్కడినుంచి తేవాలో చెబుతుంది. బతిమాలితే వినే చెవి మాత్రం కాదది.

లంకపేట పురపాలక సంఘానికి కొత్త సామాన్లు రావడం మానేసి చాలా కాలమైంది. వాటిని తయారుచేసే ఊళ్ళూ నీళ్ళలోనే ఉన్నాయి. అందుకని పైవార్డు ఇంజను పాడైతే అట్టడుగు వార్డు ఇంజను విప్పి ఆ సామాను తెచ్చి బిగిస్తారు, దిగువసరుకంటే అదే. నీళ్ళ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఒకటో వార్డు తన నీళ్ళను గట్టు మీదుగా రెండులోకి ఎత్తిపోస్తుంది, రెండు మూడులోకి, అలా అందరి నీళ్ళూ చివరి వార్డుకు చేరతాయి. చివరి ఇంజను వాటిని సముద్రంలోకి ఎత్తాలి. నీళ్ళు కిందికి, సామాన్లు పైకి. ఒకప్పుడు పద్నాలుగు వార్డులుండేవి, ఇప్పుడు తొమ్మిది. మిగతా అయిదూ మునిగాయని ఆఫీసులో ఎవరూ అనరు. విడుదలయ్యాయంటారు, అక్కడి జనం అంతకాలమూ జైల్లో ఉన్నట్టు.

అసిస్టెంట్ ఇంజనీరు కామరాజు గారు ప్యాంటు మడతపెట్టుకుని కాలువ అంచున నిలబడి ఉన్నారు. తొమ్మిదో వార్డు ఈ వానాకాలం ఎలాగూ దాటదనీ, మూడులో ఆసుపత్రి ఉందనీ, మంచినీళ్ళ ప్లాంటు ఉందనీ ఆయన నెమ్మదిగా చెప్పారు. తనకు మాత్రం సరదానా అని కూడా అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నూకరత్నం నాలుగు తిట్లు తిట్టుకుని ఇంత అన్నం తినేది. ఆమె ఖాళీ సంచి భుజాన వేసుకుని దోనె ఎక్కింది.

ప్రతి గట్టు దగ్గరా దిగి, దోనెను దుంగల మీద దొర్లించి, అవతలి కాలువలోకి దించుకోవాలి. నాలుగో వార్డులో ఇంకా నేల పొడిగానే ఉంది. ఇంజను పనివాళ్ళకు సంఘం గదులిచ్చింది అక్కడే. నూకరత్నం వాళ్ళమ్మ గుమ్మం ముందు చాప పరిచి అప్పడాలు ఆరబెడుతోంది. కూతుర్ని చూసి చెయ్యూపింది, భోజనానికి వస్తావా అని సైగతోనే అడిగింది. నూకరత్నం తల అడ్డంగా ఊపింది. అయిదులో వాకిళ్ళు చిత్తడిగా ఉన్నాయి. ఏడులో మంచాల కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకున్నారు. ఎనిమిదిలో నీళ్ళు అరుగుల అంచులు తాకుతున్నాయి. అక్కడి ఇంజను చూసుకునే చెల్లాయమ్మ గట్టు మీదనుంచి కేకేసి, బెల్టు వదులైంది, వెనక్కి వచ్చేటప్పుడు కాస్త బిగించి పొమ్మంది. అంతలో ఆమె కళ్ళు ఖాళీ సంచి మీద పడ్డాయి. ఖాళీ సంచితో పనివాళ్ళు కిందికి ఎందుకు వెళతారో లంకపేటలో చంటిపిల్లలకు కూడా తెలుసు. చెల్లాయమ్మ మొహం తిప్పేసుకుంది.

తొమ్మిదో వార్డులో నడుం లోతు నీళ్ళు. జనం అటకల మీదే వండుకుంటున్నారు, ఇంటికీ ఇంటికీ మధ్య పలకలు వేసుకుని తిరుగుతున్నారు. గట్టు మీద, అక్కడి పనివాడు ఏసుపాదం చూసుకునే ఇంజను మాత్రం మొగుడూ పెళ్ళాం కలిసి పెంచుకున్న దూడలా నిగనిగలాడుతోంది. పాత టైరు ట్యూబు కోసి వాషర్లు చేశాడు, గాలిగొట్టానికి గుడ్డ కట్టాడు. ఊళ్ళో అన్నిటికంటే పాత ఇంజను, అన్నిటికంటే ఎక్కువ నీళ్ళు దాని నెత్తినే. అయినా ఆగలేదు.

ఏం తీయాలో చెప్పడానికి నూకరత్నం కాసేపు నీళ్ళు నమిలింది. అతనే అందుకున్నాడు.

"ఏం కావాలమ్మా ఆళ్ళకి?"

"ఫ్యూయల్ పంపు, బాబాయ్."

ఏసుపాదం ఇంజను వైపు చూశాడు, ఆ తరవాత తన ఇంటి అటక వైపు చూశాడు. అతని భార్య సువార్తమ్మ కిందటి వర్షాల్లో పలక జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి అటక మీదే పడుకుని ఉంటోంది. సాయంత్రానికి సంఘం పడవ వస్తుంది, వార్డు జనాన్ని సముద్రపు కట్ట అవతల నీళ్ళ మీద తేలాడే తేలుగడ్డలకు చేరుస్తుంది. నూకరత్నం ఆ మాటే ధైర్యంగా చెప్పబోయింది.

"పడవ వత్తాదమ్మా, నాకు తెలుసు," అన్నాడతను. "కూకోలేనోళ్ళని ఎక్కించుకోరు. పన్నెండో వార్డప్పుడు సూసేను కదా."

"మరెలా బాబాయ్?"

"మరేవుంది. సువార్తెక్కడుంటే నేనక్కడ."

ఏడ్చినా బాగుండేది, తిట్టినా బాగుండేది. అతను రెండూ చేయలేదు. ఇంజను ఆపాడు. ఆమె పానా నట్టు మీద జారిపోతుంటే, తుప్పుపట్టిందమ్మా ఇలా రాదు అని తన పానా తెచ్చి, రెండు దెబ్బలు కొట్టి తానే వదులు చేశాడు. సామాను ఇచ్చేవాడు దాన్ని కడిగి ఇవ్వడం షెడ్ల ఆనవాయితీ. ఆ పంపును కిరసనాయిల్లో ముంచి, బ్రష్షుతో సందుసందునా తోమి, సువార్తమ్మ పాత చీర ముక్కలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంజను ఆగిన నిశ్శబ్దంలో ఎనిమిదో వార్డు ఎత్తుమర పోస్తున్న నీళ్ళ చప్పుడు పెద్దగా వినిపించింది. ఆ నీళ్ళు ఇటే వస్తున్నాయి.

అటక మీదనుంచి సువార్తమ్మ గొంతు సన్నగా వచ్చింది. "ఏవయ్యా, ఇంజను ఆగిందేం?"

"డీజిలు పోత్తన్నానే," అన్నాడు ఏసుపాదం.

నూకరత్నం తలెత్తలేకపోయింది. దోనెలో కూర్చుని గెడ వేస్తూ, తను కాకపోతే ఇంకొకరు వచ్చి విప్పేవారు కదా అని తనకు తాను చెప్పుకుంది. పన్నెండో వార్డప్పుడూ ఇదే చెప్పుకుంది, పదో వార్డప్పుడూ ఇదే. అప్పుడు ఆ మాటతో ఎలాగో అన్నం దిగింది. ఈసారి ఆ మాట పని చేయలేదు. పదిమందికి ప్రాణం పోసే పని అని చెప్పి అమ్మ తనను ఈ ఉద్యోగంలో పెట్టింది. పోసిన ప్రాణాలెన్నో, లాగేసినవెన్నో ఆమె ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. ఆ ధైర్యం లేదు.

ఎనిమిదో గట్టు మీద, చెల్లాయమ్మ అడిగినట్టు బెల్టు బిగించడానికి ఆగింది. ఇంజను ఆపి, చక్రాల మీదనుంచి బెల్టు తప్పించి, సాగిన ముక్క కోసేసి, తోలు తాడుతో మళ్ళీ కుట్టింది. చేతులు పని చేస్తున్నాయి, మనసు మాత్రం తొమ్మిదో వార్డు అటక కిందే ఉంది. బెల్టును చక్రాలకెక్కించి హ్యాండిల్ తిప్పింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

చెల్లాయమ్మ నవ్వింది. "ఏవే రత్నం, నిన్న జేరినోళ్ళలాగ బెల్టు మెలేసేవు?"

నిజమే. బెల్టు మధ్యలో మెలిక పడింది. పనిలో కొత్తగా చేరినవాళ్ళు తప్పకుండా చేసే పొరపాటు అది. మెలిక పడితే ఇంజను తిరిగే వైపే తిరుగుతుంది కానీ ఎత్తుమర దానికి ఎదురు తిరుగుతుంది, అవతల పోయాల్సిన నీళ్ళను ఇవతలికి లాక్కుంటుంది. షెడ్డులో ఎవరైనా ఇలా చేస్తే ఆ రోజు టీలు వాళ్ళవే. నూకరత్నం ఇంజను ఆపడానికి మీట మీద చెయ్యి వేసింది.

అప్పుడే ఈ షెడ్డు గోడకున్న పెట్టె పలికింది. "ఎనిమిది. ఇంజను ఆరోగ్యం సవ్యం."

చెయ్యి అక్కడే ఆగిపోయింది. మట్టం చప్పుడు వింటుంది, చుట్లు లెక్కపెడుతుంది, వార్డువార్డుకూ నీళ్ళ లోతు కొలుస్తుంది. నీళ్ళు ఎటు పోతున్నాయో చూసే కన్ను దానికి లేదు. పెట్టాలని ఎవరికీ తోచలేదు, కిందికి కాక ఇంకెటు పోతాయని. ఎత్తుమర గొట్టం నోట్లోంచి తొమ్మిదో వార్డు నీళ్ళు బుసబుసా ఎనిమిదో వార్డు కాలువలోకి దూకుతున్నాయి. అవతల ఏసుపాదం ఇంటి గోడ మీద తడి చార ఒకటి నీటికి పైన తేలి కనబడింది.

చెల్లాయమ్మ నవ్వు ఆగిపోయింది. ఇవతల నీళ్ళు ఆమె అరుగు మీదికి పాకాయి.

"ఆపవే, ఇంట్లోకొచ్చేత్తన్నాయి."

"ఆపితే చీకటిపడేలోగా సువార్తమ్మ మీదికి వచ్చేస్తాయి అక్కా."

"అయితే ఆ పంపు తీసుకెళ్ళి ఆళ్ళకే బిగించి రా."

బిగిస్తే మట్టం వెంటనే వింటుందనీ, రేపు పొద్దున్నే ఇంకొక మనిషి ఖాళీ సంచితో వస్తాడనీ నూకరత్నం చెప్పింది. ఏడో గట్టు బెల్టు కూడా ఇలాగే మెలేస్తే ఎనిమిదో వార్డు మునగదనీ, ఇక్కడి నీళ్ళు ఏడులోకి ఎక్కుతాయనీ చెప్పింది. ఆ తరవాత ఆరు, అయిదు, అలా ఒకటో గట్టు దాకా. మూడో గట్టు ఇంజనుకు సంచిలోని పంపు బిగిస్తుంది, మాట తప్పదు. బెల్టు మాత్రం ఇలాగే వేస్తుంది. అన్నీ అయ్యాక ఊరంతటికీ మోకాలి లోతు, ఎక్కడా అటకలు మునగవు.

అదేమీ గెలుపు కాదని ఆమెకు తెలుసు. ఆసుపత్రి గచ్చు మీద కూడా మోకాలి లోతు నీళ్ళే. మంచాలు కుళ్ళిపోతాయి, పిల్లలకు జ్వరాలొస్తాయి, సముద్రం మాత్రం ఎప్పటిలా వస్తూనే ఉంటుంది. పొద్దు వాలేలోపు కామరాజు గారికి తెలిసిపోతుంది. ఉద్యోగం పోతుంది, గదీ పోతుంది. ఏ ఆశా లేకుండానే చెప్పింది ఇదంతా. ఎవరో ఒకరి పీక నొక్కి ఇంకొకరికి ఊపిరి పోసే పని ఇక తన వల్ల కాదు, అంతే.

చెల్లాయమ్మ ఒప్పుకోలేదు. తన మనవలు ఇద్దరూ నేల మీదే పడుకుంటారంది. తొమ్మిదో వార్డు మీద తనకూ జాలే కానీ, వాళ్ళు చివరివాళ్ళు, ఏం చేస్తాం అంది. మెలిక విప్పడానికి తానే బెల్టు వైపు నడిచింది.

"తొమ్మిది నీటిమట్టం తగ్గుతోంది," అంది పెట్టె. "కారణం తెలియదు. ఎనిమిది నీటిమట్టం పెరుగుతోంది. కారణం తెలియదు." కాస్త ఆగింది. "తొమ్మిది విడుదల వాయిదా. ఎనిమిది విడుదలకు సిద్ధం."

చెల్లాయమ్మ నిలబడిపోయింది. ఆ గొంతులో కోపం లేదు, తొందర లేదు. పొద్దున్న తొమ్మిది అన్న గొంతుతోనే ఇప్పుడు ఎనిమిది అంది. ఆమె పెట్టె వైపు, బెల్టు వైపు, గుమ్మం దాటి లోపలికి పోతున్న నీళ్ళ వైపు చూసింది.

"ఇంత తేలికా," అంది.

మెలిక విప్పితే ఈ పూటకు ఎనిమిదో వార్డు నిలుస్తుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉంది. చెల్లాయమ్మ లోపలికి వెళ్ళి మనవల పక్కబట్టలు అటక మీదికి విసిరేసి వచ్చింది.

"మీయమ్మ నాలుగులోనే కదే ఉంటాది?"

"అవునక్కా."

"చెప్పేవా?"

"లేదు. ముందు ఏడు, ఆరు, అయిదు అవనీ. అప్పుడు నేనే వెళ్ళి ఆవిడ మంచం ఎత్తిపెడతాను."

చెల్లాయమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి దోనెలోకి దిగి, గెడ తన చేతిలోకి తీసుకుంది.